తెల్లగుడ్డ మీద రంగు

కింది వాటా పిన్ని పోయిందని మొన్న పొద్దున్న విశాఖ ఆసుపత్రి నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. రెండు కిడ్నీలూ పాడయ్యాయట. కొడుకింటికి వెళ్లొస్తానని చెప్పి వెళ్లిన మనిషి. శ్రీకాకుళంలో ఆరేళ్లు ఒకే మెట్లు ఎక్కి దిగాం, నాకు ఆ సంగతే తెలియదు. నా కుక్క ఒంట్లో సంగతి మాత్రం ఆమె నాకంటే ముందే కనిపెట్టింది.

మా చిట్టికి పదమూడేళ్లు. నడుం పట్టు తప్పి మెట్లు దిగలేకపోయాక ఉచ్చకి ఇంట్లోనే ప్యాడ్లు వేయాల్సి వచ్చింది. వాడి పారేసేవా, ఉతుక్కునేవా అని వారం పాటు ఫోన్లో చూసి చూసి బుర్ర వేడెక్కింది. పారేసేవైతే చెత్తబుట్ట నిండిపోతుంది. ఉతికేవి వానల్లో ఆరవు. చివరికి, మరక కనబడదు కదా అని నల్లవి, పారేసేవే తెప్పించాను.

పిన్ని వచ్చి ఆ ప్యాడ్‌ని బొటనవేలితో కదిపి చూసింది.

"ఏటే ఇది? నల్లదాని మీద రంగేటి అవుపడతాది? మీ బాబాయికి ఉచ్చ రంగు మారినాది, మేం సూడనేదు. సూసీసరికి అంతా అయిపోనాది."

వాళ్లది ఉద్దానం. అక్కడి కిడ్నీ జబ్బు సంగతి మనకు కొత్త కాదు. బాబాయిని తీసుకుపోయింది అదే. సాయంత్రానికి ఆయన పాత తెల్ల పంచెలు నాలుగు మడతలు వేసి, అడుగున రబ్బరు షీటు పెట్టి కుట్టి తెచ్చింది. ఇక రోజూ ఉతకాలా అని నాకు ప్రాణం ఉసూరుమంది.

"ఉతుకు. సేతులేటి అరిగిపోవు," అంది.

ఆ తర్వాత రోజూ పైకొచ్చి, ప్యాడ్‌ని కిటికీ దగ్గర పట్టుకుని చూసేది. ఒకరోజు ఆమె ముఖం మారిపోయింది. "ఈ ఎర్రజీర నాకు నచ్చనేదే. బేగి డాక్టరు కాడికి ఎత్తుకెళ్లు."

మూత్రాశయంలో రాయి. ఇంకా ఆలస్యం చేస్తే దక్కేది కాదన్నాడు డాక్టరు. పిన్ని పుణ్యమా అని చిట్టి ఇవాళ బతికుంది.

ఇప్పుడు ఆ చూసే పని నాది. ప్యాడ్ ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకెళ్తాను. పసుపేనా? అంచున ఎరుపు ఉందా? చూసిందే మళ్లీ చూస్తాను. నల్లవి పరిచేస్తే ఈ భయం ఉండదు కదా అనుకుంటూనే తెల్లది పరుస్తాను.

చివరి రెండు నెలలూ పిన్ని బాబాయి చెప్పులేసుకుని మేడెక్కేది. "ఆయన్ని వదల్లేకపోతున్నావా పిన్నీ?" అని ఆటపట్టించాను. "ఒదులుగా హాయిగా ఉన్నాయే," అని నవ్వేసింది. వాచిన పాదాలు ఆమె చెప్పుల్లో పట్టడం లేదని నాకు తట్టనే లేదు. ఆమె వదిలి వెళ్లిన ఆ జత నిన్న వాళ్ల గుమ్మం పక్కన చూశాను. ఆ మగ చెప్పులకి కూడా బెల్టులు చివరి కన్నం దాకా వదులు చేసి ఉన్నాయి.