మంగళవారం ప్రయాణానికి ఆరుగురం

మా కుటుంబంలో ఎక్కడికి ప్రయాణం కట్టినా, ఇంటి దగ్గర ఎవరుంటారన్న ప్రశ్న ఎవరూ వేసేవారు కాదు. దానికి జవాబు అందరికీ తెలుసు. మా వదినగారు ఉంటారు. ఆవిడ నా భర్తకు అక్కగారు. భర్త పోయిన తరువాత భట్టిప్రోలు దగ్గరి పొలం కౌలుకిచ్చి, రేపల్లెలో సొంత ఇంట్లో ఉంటున్నారు. మేము ఊటీ వెళ్ళినప్పుడు తెనాలి వచ్చి మా ఇల్లు కనిపెట్టుకుని ఉన్నారు. అబ్బాయీ కోడలూ కేరళ వెళ్ళినప్పుడు బాపట్లలో వాళ్ళ మొక్కలకు నీళ్ళు పోశారు. "వెళ్ళిరండి, ఇల్లు నేను చూసుకుంటాను" అన్న మాట ఆవిడ నోట ఎంత తేలికగా వచ్చేదంటే, అదే ఆవిడకు ఇష్టమని మేమందరమూ స్థిరపరచుకున్నాము.

ఈసారి ఆవిడనూ తీసుకువెళ్ళాలని, సింగపూరు ప్రస్తావన వచ్చిన రోజున నేను మొట్టమొదట తేల్చిన విషయం ప్రయాణికుల సంఖ్య. ఆరుగురం. నేను, మావారు, అబ్బాయి, కోడలు, ఐదో తరగతి చదువుతున్న మనవరాలు, వదినగారు. పాస్‌పోర్టులు కూడా ఆరుగురికీ కలిపే తీయించాము. వదినగారు "ఊరికే ఎందుకు, నాకెందుకు" అంటూనే ఫొటోకు కూర్చున్నారు.

సింగపూరు ఆలోచన మనవరాలిది. అక్కడి వినోదాల పార్కును తన స్నేహితురాలు చూసి వచ్చిందట. ఎత్తుకు ఎక్కి ఒక్కసారిగా కిందికి దూకే బండ్లు, నీళ్ళలోకి జారే పడవలు, చీకటి గుహల్లో తిరిగే రైళ్ళు ఉంటాయట. కోరిక పిల్లదే అయినా, దానిని మా స్తోమతులో ఇమిడ్చే పని నేను తీసుకున్నాను. మహిళా కళాశాలలో గణితం బోధించి పదవీ విరమణ చేసిన మనిషిని. పద్ధతి లేని ఖర్చు నాకు కంట్లో నలుసు వంటిది.

పద్ధతి ప్రకారం చూస్తే అది అసాధ్యమైన ప్రయాణం కాదు. రేపల్లె నుంచి వదినగారు ప్యాసింజరులో తెనాలి వస్తారు. తెనాలిలో మేము ముగ్గురం చెన్నై రైలు ఎక్కితే, బాపట్లలో అబ్బాయి కుటుంబం అదే పెట్టెలో ఎక్కుతుంది. చెన్నై నుంచి విమానం. బస పార్కుకు దూరంగా, వంటగది ఉన్న గదుల్లో. ఉదయపు టిఫినుకు వేయించిన రవ్వ, అటుకులు, కారప్పొడి ఇంటి నుంచే వెళతాయి. ఊళ్ళో తిరగడానికి అక్కడి మెట్రో రైలు ఉంది. కోడలు ఫోనులో విమానం ధరలు చూసి ప్రతి సాయంత్రం నాకు చెప్పేది. మూడు వారాలు గమనించిన తరువాతే నిర్ణయం అన్నాను. గమనిస్తే తేలింది ఏమిటంటే, మంగళవారం రాత్రి బయలుదేరే విమానం మిగిలిన అన్ని రోజుల కంటే చౌక. గురువారం దానికీ దీనికీ ఉన్న తేడా మా ఆరుగురి పార్కు ప్రవేశ రుసుముతో దాదాపు సమానం.

ఇంత బిగించినా పార్కులో రెండు రోజులు గడపడానికి లెక్క కుదరలేదు. ఒక్క రోజే కుదిరింది.

"ఒక రోజు చాలదు నాయనమ్మా," అన్నది మనవరాలు.

"పరీక్షకు మూడు గంటలే ఇస్తారు. అందులోనే అన్నీ రాసి వస్తావు కదా. ఏది ముందు, ఏది వెనక అని రాసుకో."

ఒక పూట మూతి ముడుచుకుని, రెండో పూటకు ఏ బండి తరువాత ఏ బండి ఎక్కాలో వరుస వేసి తెచ్చింది. నేను దిద్ది, మధ్యాహ్న భోజనానికి అరగంట చేర్చాను. మావారు దానిని చూసి, "సింగపూరులో కూడా బెల్లు కొట్టేట్టున్నావు," అన్నారు.

అన్నీ ఒక కొలిక్కి వచ్చి, టిక్కెట్లు తీయడమే మిగిలిందనగా రేపల్లె నుంచి ఫోను వచ్చింది.

"మంగళవారమంటగా అమ్మాయ్," అన్నారు వదినగారు. నాకు అరవై దాటినా ఆవిడకు నేను అమ్మాయినే. "మంగళవారం నేను ఇంట్లోంచి కదలను. ఎప్పుడూ కదల్లేదు. మీరు వెళ్ళిరండి. తెనాలి వచ్చి మీ ఇంట్లో ఉంటాలే."

"మరి ఏ రోజైతే వస్తారండి?"

"గురువారమైతే చూడొచ్చు. కానీ దానికి డబ్బెక్కువట కదా, కోడలు పిల్ల చెప్పింది. నాకోసం మార్చమాకండి. నేను లేకపోతే ఏంటి, ఆగిపోతుందా?"

ఫోను పెట్టేశాక నేను పంచాంగం తీశాను. నాకు వాటి మీద నమ్మకం లేదు. అయినా ఎదుటివారు ఒక నియమాన్ని ఆధారంగా చూపినప్పుడు ఆ నియమాన్ని చదవకుండా వాదించడం పద్ధతి కాదు. వారశూల పట్టికలో మంగళవారం ఉత్తర దిక్కుకు ప్రయాణం పనికిరాదని ఉంది. చెన్నై మాకు దక్షిణాన ఉంది. దక్షిణానికి పనికిరాని రోజు గురువారం. అంటే వదినగారు కుదరదన్న రోజు కంటే, కుదురుతుందన్న రోజే ఆవిడ శాస్త్రం ప్రకారం చెడ్డది. ఈ శూలలన్నీ మా ఇంటిల్లిపాదికీ వేళ్ళ మీద లెక్కపెట్టి నేర్పినది ఆవిడే. ఆవిడ పొరబడే అవకాశం లేదు. కాబట్టి మంగళవారం అసలు కారణం కాదు.

అసలు కారణం మరునాడు కోడలు చెప్పింది. సంకోచిస్తూనే చెప్పింది.

"అత్తయ్యగారూ, రేపల్లె అత్తయ్యగారు మొన్న నన్నొక మాట అడిగారండి. ఒక మనిషి తగ్గితే పాపకి పార్కులో రెండో రోజు కుదురుతుందా అని."

"నువ్వేమన్నావు?"

"కుదురుతుందేమోనండి అన్నాను. ఊరికే అడిగారనుకున్నాను. పాప కూడా ఆవిడ దగ్గర ఒక రోజు చాలదని గునిసిందంటండి."

లెక్క చేసి చూశాను. కోడలు చెప్పినది నిజమే. ఐదుగురైతే రెండు రోజులు. ఆరుగురైతే ఒక రోజు. వదినగారు చదువుకున్నది ఐదో తరగతి వరకే అయినా, నేను వేసిన లెక్కలో తీసివేయదగిన అంకె ఏదో కనిపెట్టారు. అది తానే.

మావారు వెంటనే ఫోను అందుకున్నారు. "ఇప్పుడే అడుగుతాను, ఈ నాటకం ఏంటని."

"వద్దు," అన్నాను. "అడిగితే కాదంటారు. కాదన్న తరువాత ఆ మాట మీదే నిలబడతారు. ఆవిడ మంగళవారం అన్నారు. మనం మంగళవారం గురించే మాట్లాడదాం."

నేను కోడలిగా వచ్చిన కొత్తలో మా మామగారు ప్రస్థానం పెట్టడం చూశాను. తప్పనిసరిగా చెడ్డ రోజున ప్రయాణం చేయవలసి వస్తే, అంతకు ముందే ఒక మంచి రోజున, మంచి ఘడియలో, ప్రయాణంలో వాడే వస్తువు ఏదైనా, అంటే ఒక పంచో గొడుగో, వేరొకరి ఇంట్లో ఉంచి వచ్చేవారు. ఆ వస్తువు గడప దాటిన క్షణం నుంచే ప్రయాణం మొదలైనట్టు లెక్క. తరువాత మనిషి ఏ రోజు కదిలినా దోషం లేదు. ఒకసారి పెట్టిన వస్తువును మాత్రం ఇంటికి వెనక్కి తేకూడదు. అప్పట్లో అది నాకు చాదస్తంగా తోచింది. ఇప్పుడు ఆలోచిస్తే, నియమాన్ని ఉల్లంఘించకుండా పని జరుపుకోవడానికి ఎవరో బుద్ధిమంతులు చేసిన ఏర్పాటనిపించింది. నాకు నచ్చింది కూడా.

ఆదివారం ఉదయపు ప్యాసింజరులో ఇద్దరమూ రేపల్లె వెళ్ళాము. వదినగారు వాకిట్లో మినుములు ఎండబోస్తున్నారు.

"ఏంటి, ఇద్దరూ కట్టగట్టుకొచ్చారు? చెప్పకుండా వస్తే ఏం వండను?"

"ఉన్నదే పెట్టక్కా," అన్నారు మావారు.

"ఉన్నది పెడితే నువ్వు తింటావు. మీ ఆవిడ వంక పెడుతుంది, పులుపెక్కువైందని."

పులుపు నిజంగానే ఎక్కువైంది. నేను వంక పెట్టలేదు. భోజనాలయ్యాక మాట ఎత్తాను.

"మంగళవారం గురించి మీరన్నది ఆలోచించానండి, వదినా. మీ మాట తీసివేయడానికి వీల్లేదు."

"అదే కదా నేను మొత్తుకునేది," అన్నారావిడ తృప్తిగా.

"అందుకని అంతకు ముందు వారంలో మంచి రోజు చూసి, మీ ప్రస్థానం మా ఇంట్లో పెట్టండి. ఆ రోజే మీరు బయలుదేరినట్టు. ఇక మంగళవారంతో మీకు పని లేదు."

వదినగారు ఆకు మీద సున్నం రాస్తున్న వేలు ఆపారు. తమ్ముడి వైపు చూశారు. ఆయన పైకప్పు చూస్తున్నారు.

"ప్రస్థానం సంగతి నీకెట్టా తెలుసు? లెక్కల మేడానివి."

"మామగారు పెడుతుంటే చూశానండి."

"ఇల్లో మరి? ఇల్లు ఎవరు చూస్తారు?"

"మీ మేడ మీద అద్దెకున్నవాళ్ళు చూస్తారు. మా ఇంటికి తాళం వేస్తాము. తాళాలు అందుకే తయారుచేస్తారు."

"నా మోకాళ్ళు చూశావా? పది అడుగులు వేస్తే పట్టేస్తాయి."

"చక్రాల కుర్చీ ఇస్తారండి. విమానం దగ్గరా ఇస్తారు, పార్కులోనూ ఇస్తారు."

"సింగపూరు దాకా వెళ్ళి నన్ను తోసుకుంటూ తిరుగుతారా? బాగానే ఉంది సంబడం."

"చిన్నప్పుడు నన్ను బండిలో కూర్చోబెట్టి తోసి కాలవలో పడేశావుగా," అన్నారు మావారు. "ఇన్నాళ్ళకి నా చేతికి చిక్కావు."

"నువ్వు కుదురుగా కూర్చోలేదు, పడ్డావు. అరవై ఏళ్ళ నుంచీ ఇదే దెప్పుడు."

వదినగారు ఆకు మడిచి, నోట్లో పెట్టుకోకుండా పళ్ళెంలోనే ఉంచేశారు. తరువాత మాట తగ్గించి, నా వైపు చూడకుండా అన్నారు.

"అది కాదమ్మాయ్. నా ఒక్కదాని ఖర్చు మిగిలితే పిల్లకి ఇంకో రోజు వస్తుంది. చిన్నపిల్ల, ఆడుకునే వయసు. నేను చూడకపోతే ఏం పోయింది?"

నేను ఎదురుచూసినది ఈ మాట కోసమే. జవాబు రైల్లోనే సిద్ధం చేసుకున్నాను.

"పాపకు ఒక రోజు అని నిర్ణయమైపోయిందండి. మీరు వచ్చినా ఒక రోజే, రాకపోయినా ఒక రోజే. మీ ఖర్చు మిగిలితే ఆ డబ్బు బ్యాంకులో వేస్తాను. రెండో రోజు మాత్రం ఉండదు."

"అదేంటి? మిగిలినప్పుడు పిల్లకి పెట్టడానికేం?"

"మనిషిని తగ్గించి మిగిల్చినది మిగులు కాదండి. నేను వేసిన లెక్క ఆరుగురికి."

"తమ్ముడా, చూశావా? ఇంత మొండిదానితో ఎట్టా వేగుతున్నావు?"

"నాకు వేరే దారి లేదక్కా. నీకూ లేదు."

వదినగారు లేచి వాకిట్లోకి వెళ్ళారు. మినుములను చేత్తో ఒకసారి తిరగేశారు. అవి అంతకు ముందే తిరగేసి ఉన్నాయి. వెళ్ళి ఆవిడ పక్కన నిలబడాలని మావారు కదలబోతే, చేయి పట్టి ఆపాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ ముఖంలో బింకం లేదు.

"ఆ పైకెళ్ళి కిందకి దూకే బండి ఉందటగా. పిల్ల చెప్పింది. అది చీరతో ఎక్కనిస్తారా?"

పార్కు నియమాలు నేను రెండుసార్లు చదివాను. "వేలాడే బట్టలు ఉండకూడదన్నారండి. అయినా మీ మోకాళ్ళతో..."

"మోకాళ్ళతో పనేముంది? కూర్చునేదేగా."

లోపలికి వెళ్ళి బీరువా తలుపు తీసిన చప్పుడయింది. బట్టల కొట్టు సంచి ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. లోపల ముదురు నీలం రంగు పంజాబీ డ్రెస్సు, దర్జీ పెట్టిన మడత విప్పకుండా ఉంది. డెబ్బై ఏళ్ళ మా వదినగారిని నేను చీరలో తప్ప మరొక బట్టలో చూసి ఎరగను.

"ఎప్పుడు కుట్టించారండి?"

"పాస్‌పోర్టు చేతికొచ్చిన వారంలో. ఆ దర్జీ, ఎవరికి మామ్మగారూ అని ఒకటే అడగటం. మనవరాలికని చెప్పాను. కొలతలు నావి తీసుకుంటూ నమ్మాడో లేదో మరి." ఆవిడ పైజామా నడుము దగ్గర వేలు పెట్టి చూపించారు. "ఇదిగో, జేబు కూడా పెట్టించాను. పాస్‌పోర్టు పడుతుంది. పెట్టి చూశాను."

మావారు డ్రెస్సు అంచు పట్టుకుని చూశారు. "ఇది వేసుకుంటే నిన్ను గుర్తుపట్టేదెట్టా అక్కా?"

"మీ ఆవిడ టైంటేబులు పట్టుకుని ముందు నడుస్తుందిగా. వెనక కుర్చీలో వచ్చేది నేనే అనుకో." డ్రెస్సు నా దగ్గర నుంచి తీసుకుని, మడత చెదరకుండా సంచిలో పెట్టారు. "ప్రస్థానంలో దీన్నే పెడతాను. ప్రయాణంలో వాడేదే పెట్టాలి అమ్మాయ్, ఏదో ఒక పాత గుడ్డ పెడితే లెక్కకి రాదు. నీకు సగమే తెలుసు."

"అవునండి," అన్నాను.

సాయంత్రం ప్యాసింజరులో తెనాలి చేరి, ఇంటి తలుపు తీస్తూనే కోడలికి ఫోను చేసి ఆరు టిక్కెట్లు తీయమన్నాను. ఈ నాలుగు రోజుల్లో మంగళవారం ధర కూడా కొంత పెరిగిందని చెప్పింది. ఆగి చూద్దామా అని అడిగింది. ఆగవద్దని, సింగపూరులో అనుకున్న ఒక పూట హోటలు భోజనం కొట్టివేయమని చెప్పాను. ఆ పూటకు పులిహోర పొడి రేపల్లె నుంచి వస్తుంది. పులుపు తగ్గించమని మాత్రం వదినగారికి ముందుగానే చెప్పాలి.