బావకు ఇవ్వని రెండో భాగం

ఈ నెల నాలుగు పుస్తకాలు కొన్నాను. రెండు కథల సంపుటాలు, అడవి చెట్ల గురించి ఒకటి, రిటైరైన స్టేషన్ మాస్టర్ ఎవరో సొంత ఖర్చుతో అచ్చేసుకున్న ఆత్మకథ ఒకటి. ఆత్మకథ అట్ట మీద చాయ్ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక ఉంది. దాన్ని చూసే కొన్నాను. ఎవరో ఒకరు చాయ్ తాగుతూ చదివారంటే అంత చెత్తగా ఉండదని నా లెక్క.

ఫోటో మాత్రం ఈ నెల కూడా పెట్టలేదు. మా పుస్తకాల గ్రూపులో ఇద్దరు అడిగారు కూడా, "ఏం సారూ, ఈ నెల కూడా బోణీ కాలేదా?" అని. ఏడెనిమిదేళ్ళుగా ప్రతి నెలా మొదటి ఆదివారం జనగామలో మా ఇంట్లో మంచం మీద దుప్పటి పరిచి, ఆ నెల కొన్న పుస్తకాలన్నీ పేర్లు కనబడేలా పేర్చి ఫోటో తీసేవాణ్ణి. గ్రూపులో పెట్టేవాణ్ణి, ఫోన్ స్టేటస్‌లో కూడా పెట్టేవాణ్ణి. నలుగురూ చూసి అబ్బో అనాలనే, ఇంకెందుకు? అందులో సగం చదవలేదని ఫోటోలో కనబడదు కదా.

మా బావకు మాత్రం ఆ సంగతి తెలుసు. బావ అంటే మా అక్క భర్త. భూపాలపల్లిలో బొగ్గుబాయిలో పని చేసి రిటైరయ్యాడు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. గుండెకు రెండు స్టెంట్లు పడి, బండి నడపొద్దు, బరువులెత్తొద్దు అని డాక్టరు చెప్పాక, పొద్దు పోక నా పుస్తకం ఒకటి పట్టుకున్నాడు. అక్షరాల కింద వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదివేవాడు. పేజీకి పది నిమిషాలు పట్టేది. అయినా నేను నెలకు ఆరు కొని రెండు చదివితే, ఆయన నేనిచ్చిన ప్రతిదీ చదివేవాడు. ఫోన్ చేసినప్పుడల్లా మొదటి మాట అదే.

"ఏం బామ్మర్దీ, ఈ నెల ఎన్ని కట్టలు తెచ్చినవ్? చదువుతున్నవా, పేర్చి పెడుతున్నవా?"

ఆయనతో ఒక్కటే చిక్కు. కథను కడుపులో దాచుకోలేడు. పుస్తకం పూర్తయిన మరునాడే ఫోన్ చేసి మొదలు నుంచి చివరి దాకా చెప్పేస్తాడు. నేనింకా చదవలేదు బావా అని మొత్తుకున్నా ఆగడు. "నువ్వెప్పుడు చదువుతవ్ గని, ఇను" అని చెప్పుకుపోయేవాడు. అట్లా ఆయన నోట విని, ఇక చదవకుండానే వదిలేసిన పుస్తకాలు నాకు పది దాకా ఉంటాయి.

ఒకసారి పాత నవల ఒకటి దొరికింది, మొదటి భాగం మాత్రమే. రెండు భాగాల నవల, ఎప్పుడో అచ్చయి మళ్ళీ రాలేదు. ఒక చిన్న రైతు ఇంటి కథ. మొదటి భాగం చివర ఆ ఇంటాయన ఎడ్లను అమ్మడానికి అంగడికి పోతాడు. పొద్దు గూకుతుంది. అంగడికి పోయిన వాళ్ళంతా ఊరికి తిరిగొస్తారు, ఆయన రాడు. భార్య వాకిట్లో నిలబడి దారి చూస్తుంటుంది. పుస్తకం అక్కడే అయిపోతుంది. నాకే రెండు రోజులు మనసు మనసులో లేదు. ఇక బావ సంగతి చెప్పాలా? చదివిన రోజు నుంచి నా వెంట పడ్డాడు.

"ఎక్కడ్నన్న రెండో భాగం దొరుకుతదేమో చూడు బామ్మర్దీ. గాయిన ఇంటికొచ్చిండా లేదా, గదొక్కటి తెల్వాలె నాకు."

నేను మహబూబాబాద్ దిక్కు ఒక ఊళ్ళో సర్కారు బడి పంతులును. వారమంతా మహబూబాబాద్‌లో గది తీసుకుని ఉంటాను, శనివారం రైలెక్కి జనగామ వస్తాను. మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో పాత పుస్తకాలు అమ్మే ఒక పెద్దాయన ఉన్నాడు. ఏడాదిన్నర పాటు పోయినప్పుడల్లా ఆయన్ని అడిగాను. నిరుడు వానాకాలం చివర్లో ఒక సాయంత్రం, నన్ను చూడగానే లోపలికి పోయి, రెండో భాగం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ రోజు రైలులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తెరవలేదు. ఇంటికి పోయి నిదానంగా, ఒక్క ఊపున చదవాలనుకున్నాను.

ఆదివారం బావ ఫోన్ చేశాడు. "దొరికిందా?"

"లేదు బావా, ఇంకా దొరకలే" అన్నాను.

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ నాకే వింత. దొరికిందంటే, రేపే పట్టుకరా అంటాడు. ఇస్తే చదివేస్తాడు, చదివి ఫోన్‌లో చెప్పేస్తాడు. ఈ ఒక్క కథ మాత్రం ఆయన నోట వినకుండా నేనే ముందు తెలుసుకోవాలనుకున్నాను. వారంలో చదివేసి ఇచ్చేద్దాం, ఏం మునిగింది అనుకున్నాను.

వారంలో చదవలేదు. బడిలో పరీక్షలు, ఇంట్లో సున్నాలు, ఇంకేవో పనులు. వచ్చే నెల మరో ఐదు కొన్నాను, అవి దాని మీదికి చేరాయి. ఆ తర్వాతి నెలవి వాటి మీదికి చేరాయి. బావ ఇంకో రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ లేదనే అన్నాను. మొదటి అబద్ధం తర్వాత మిగతావి వాటంతటవే వచ్చేశాయి.

చలికాలంలో ఒక పొద్దున అక్క కొడుకు ఫోన్ చేశాడు. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి, అట్లనే ఒరిగిపోయాడట బావ. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

చిట్యాల పక్కన బావ వాళ్ళ సొంతూరికి తీసుకుపోయారు. దహనం అయ్యాక మూడో రోజు పిట్టకు పెట్టడానికి అందరం పొలం కాడికి పోయాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరం జరిగి నిలబడాలి. కాకి వచ్చి ముట్టితే ఆయన తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఆ కోరిక ఏమిటో తలుచుకుని, తీరుస్తామని ఒక్కొక్కరు పైకి చెప్పాలి. నేను ఇట్లాంటివి నమ్మను. పిల్లలకు సైన్సు చెప్పేవాణ్ణి.

బగార అన్నం, కోడికూర, గారెలు పెట్టారు. ఒక గ్లాసులో కల్లు, ఒక గ్లాసులో చాయ్ పోశారు. పక్కన బీడీకట్ట పెట్టారు. కాసేపటికి ఒక కాకి వచ్చి కరెంటు తీగ మీద వాలింది. కిందికి చూసింది, దిగలేదు.

అక్క కొడుకు ముందుకు పోయి, ఒకసారి తల్లి దిక్కు చూసి చేతులు జోడించాడు. "బాపూ, అవ్వను మంచిగ చూసుకుంట. పరేషాన్ గాకు." కాకి కదలలేదు. బావ తమ్ముడు పోయి, "అన్నా, గట్టు పంచాది ఇడిసిపెడుతున్న. నీ కొడుకుతోని కొట్లాట పెట్టుకోను" అన్నాడు. అప్పుడూ దిగలేదు. ఇంకెవరో బిడ్డ కాన్పు పేరు చెప్పారు, ఇంకెవరో ఎల్లమ్మకు చేస్తామన్న బోనం పేరు చెప్పారు. ఎండ ముదిరింది. అక్క తల మీద కొంగు జరుపుకుని అటూ ఇటూ చూసి, "ఇంకేం మిగిలింది నీకు? ఏం గావాలె?" అని తీగ దిక్కు చూసి ఏడ్చింది. ఆ తర్వాత నా దిక్కు చూసింది.

నేను కాకిని చూస్తూ నిలబడ్డాను. నా నాలుక మీద మాట ఉంది. రెండో భాగం నా దగ్గరే ఉంది బావా, తెస్తా అంటే అయిపోయేది. కానీ అంతమందిలో ఆ మాటంటే, అక్క ఎప్పటినుంచి ఉంది అని అడుగుతుంది. మూడు నెలలుగా ఉంది, దాచుకున్నాను అని చెప్పాలి. నమ్మని పంతులు కాకికి పుస్తకం ఇస్తానన్నాడని ఊరు నవ్వుతుందని కూడా అనిపించింది, అది కూడా రాయకపోతే ఇదంతా రాసి దండగ. నోరు విప్పకుండా మనసులో అనుకున్నాను, రెండుసార్లు. కాకి రెక్క పొడుచుకుంటూ కూర్చుంది.

చివరికి ఊరి పెద్దాయన ఒకాయన, "మనం నిలబడితే బెదురుతది. పోదాం పాండ్రి, అదే వచ్చి ముడుతది" అన్నాడు. వెనక్కి తిరిగి చూడొద్దన్నారు. ఎవరమూ చూడలేదు. అది ముట్టిందో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఆ రోజు నుంచి మా అల్మార ముందు నిలబడటం నాకు చేతకావడం లేదు. కొత్త పుస్తకం పెట్టడానికి తలుపు తీస్తే, వెనకనుంచి ఎవరో చూస్తున్నట్టు మెడ చల్లబడుతుంది. ఫోన్ మోగితే ముందు ఆదివారమా కాదా అని చూసుకుంటాను. ఒకసారి మహబూబాబాద్ స్టేషన్‌లో నా వెనక ఎవరో "దొరికిందా?" అన్నారు. పోయిన సంచి గురించి ఎవరో ఎవరినో అడుగుతున్నారు. నేను మాత్రం రైలు ఎక్కలేకపోయాను, తర్వాతి బండికి వచ్చాను. నమ్మకపోతే మాత్రం ఏమైంది, భయం భయమే.

ఇక లాభం లేదని, మొన్న ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం ఆ పుస్తకం సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. హన్మకొండలో దిగి ఇంకో బస్సు, పరకాల దాటేసరికి ఒళ్ళంతా చెమట. దారి పొడుగునా అక్కకు ఏం చెప్పాలో అనుకుంటూ పోయాను. మొన్ననే దొరికింది అంటే సరిపోతుంది, ఎవరికి తెలుస్తుంది అనే మాట కూడా నాలుగైదుసార్లు వచ్చి పోయింది.

అక్క ఇంటి ముందు నీడలో కూర్చుని మిరపకాయల తొడిమెలు తీస్తోంది. పక్కన కూర్చుని పుస్తకం తీసి ఇచ్చాను. "బావ అడిగిండు గదక్కా, రెండో భాగం."

అక్క చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది. ఆమెకు చదువు రాదు. అట్ట మీద బొమ్మ చూసింది. "ఎప్పుడు దొరికింది తమ్మీ?"

"వానకాలమే దొరికిందక్కా. బావకు అబద్ధం చెప్పిన."

"నాకెరుకే" అంది.

అక్క పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ మిరపకాయలు తీసుకుంది.

"నీ స్టేటస్‌ల పెట్టినవ్ గదా. నాకు పిలగాడు కొత్త ఫోన్ ఇప్పిచ్చిండు, అండ్ల వచ్చింది. బావకు సూపెట్టిన. కండ్లద్దాలు పెట్టుకొని, బొమ్మ పెద్దగ జేసి సూసిండు. గిదే, దొరికింది వానికి అన్నడు. నేను ఫోన్ జేస్త అన్న. వద్దన్నడు. వాడు చదువుతున్నడేమో, చదివినంక ఇస్తడు తియ్ అన్నడు."

"మరి తర్వాత గూడ నన్ను అడిగిండు గదా?"

"అడిగిండు. నువ్వు దొరకలే అంటే ఫోన్ పెట్టి నవ్విండు. ఇంకా చదవలేదే వీడు అన్నడు."

బావ దగ్గర ఉన్నది బటన్ ఫోన్ అని, స్టేటస్ ఆయనకు కనబడదని నేను ధీమాగా ఉన్నాను. అక్క ఫోన్ సంగతి నాకు తట్టనే లేదు. చూసి, తెలిసి, ఏమీ అనకుండా రెండుసార్లు నాకు చెప్పే అవకాశమిచ్చి పోయాడు మా బావ.

"పిట్టకు పెట్టిననాడు నువ్వంటవేమో అని సూసిన" అంది అక్క, తల ఎత్తకుండా.

"సిగ్గైందక్కా" అన్నాను. ఏడుపొచ్చింది. అక్క ఊరుకోమనలేదు, తిట్టనూ లేదు. నేను కళ్ళు తుడుచుకునే దాకా మిరపకాయలు తీస్తూ కూర్చుంది. ఆ తర్వాత, రోజూ మాట్లాడుకునే గొంతుతోనే అడిగింది.

"ఇంతకు గాయిన ఇంటికొచ్చిండా?"

నాకు మొదట అర్థం కాలేదు.

"గదే, ఎడ్లను అమ్మవోయినాయిన. మీ బావ రోజింత చెప్తుండె నాకు, వంట జేసుకుంట ఇంటుంటి. పెండ్లాం వాకిట్ల నిలబడ్డదాన్క చెప్పిండు. వచ్చిండా?"

"తెల్వదక్కా" అన్నాను. "ఇంకా చదవలే."

అక్క చేతులు ఆగిపోయాయి. నా ముఖంలోకి చూసింది. కోపంగా ఉంటే బాగుండేది. ఒళ్ళో పుస్తకం తీసి, అట్ట మీద పడ్డ మిరప గింజలు దులిపి, నా సంచిలో పెట్టింది.

"అయితే తీస్కపో తమ్మీ. చదివినంకనే తే. ఆయన గట్లనే అన్నడు గదా."

చాయ్ తాగి బయల్దేరాను. ఇది జరిగి నాలుగు నెలలైంది. పుస్తకం ఇప్పుడు నేను రాసుకునే బల్ల మీదే ఉంది, దాని మీద ఇంకే పుస్తకమూ పెట్టడం లేదు. రెండు వందల చిల్లర పేజీలు, కూర్చుంటే రెండు రోజుల పని. అక్కడ అక్క ఎదురుచూస్తోంది. కానీ బావ కంటే ముందు నేనే తెలుసుకోవాలని కదా దీన్ని దాచాను. ఇప్పుడు చదివితే అదే జరుగుతుంది. పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఆ మాట గుర్తొచ్చి మూసేస్తున్నాను.