పడుగు ఆరేదాకా పాఠం

"పిలగాండ్లకు ఇసొంటియి చెప్పుమంటె ఎట్ల అత్తా? నా నౌకరి పోతది."

సుఖరోగాల సంగతి బడి పిల్లలకు నువ్వే చెప్పమని పూలమ్మ అన్నందుకు లక్ష్మీనారాయణ ఈ మాట అన్నది వరంగల్ కొత్తవాడలో, ఆమె అరుగు మీద కూర్చొని, గోడవతల ఎవరైనా ఉన్నారేమోనని తొంగిచూసి వచ్చాక. హైదరాబాదులో సైన్సు చదివి బడిలో పాఠాలు చెప్పే మనిషి. ఎనిమిది నెలల కూతురు తుమ్మితే థర్మామీటరు వెతికే తండ్రి. పూలమ్మ ఆ వాడకు మంత్రసాని. భర్త పోయాక మగ్గం కూడా ఆమె చేతికే వచ్చింది. వాడలో సగం మంది పుట్టగానే చూసిన మొహం ఆమెదే. అందుకే ఎవరితో ఏం మాట్లాడటానికీ ఆమెకు మొహమాటం ఉండేది కాదు.

నౌకరి పైకి చెప్పిన భయం. అసలు భయం బామ్మర్ది రాయమల్లు. పదహారేళ్ళ ఆ కుర్రాడు పది రోజులుగా కాళ్ళు ఎడం చేసి నడుస్తున్నాడు. అడిగితే చెప్పడు. నిన్న లక్ష్మీనారాయణ భార్య సరోజన తమ్ముడి అంగీ ఉతకబోతే జేబులో మూడు గోలీలు దొరికాయి. అంగడిలో డేరా వేసిన వైద్యుడు సుఖరోగాలకని అమ్మేవి. ఆమె తెచ్చి ఇచ్చిన గోలీని లక్ష్మీనారాయణ చిదిమి చూస్తే, అందులోంచి పాదరసం పూస దొర్లింది. ఇవి పారేస్తే వాడు మళ్ళీ కొనుక్కుంటాడు.

తన వంతు ప్రయత్నం తనూ చేశాడు. మందారపువ్వు ఒకటి తెంపి, బామ్మర్దిని కూర్చోబెట్టి, పుప్పొడి దగ్గర మొదలుపెట్టి గంటసేపు చెప్పాడు. రోగాల దాకా రాకముందే రేకలన్నీ అయిపోయాయి. "ఇది పరీక్షల వస్తదా బావా?" అని మాత్రం అడిగాడు రాయమల్లు.

పూలమ్మ అంతా విని, రేపు పొద్దున తన పడుగుకు గంజి పెడుతున్నానని, వాడలో మీసాలు మొలుస్తున్న వాళ్ళందరినీ తోలుకు రమ్మని చెప్పింది.

పడుగుకు గంజి పెట్టడమంటే వీధి పని. నేతలో నిలువు పోగులయ్యే ముప్పై గజాల నూలును వీధి పొడుగునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. నడుమ నేలకు వాలకుండా కుర్రాళ్ళు అడుగడుగునా కర్రలు పెట్టి, రెండు చేతులా ఎత్తి పట్టుకోవాలి. ఆరేదాకా వదలకూడదు. వదిలితే పోగులు అంటుకొని అంతా చిక్కు.

అందరూ కర్రలు ఎత్తారు. పూలమ్మ కుంచె పట్టుకొని దువ్వుకుంటూ, వంట చెప్పినంత తేలిగ్గా చెప్పడం మొదలుపెట్టింది. సవాయి, సెగ అని సుఖరోగాల పేర్లెత్తి మరీ చెప్పింది. అవి రోగమున్న మనిషితో పడుకుంటే వస్తాయని, దూరముంటే రావని, ఎంగిలి గిలాసతోనో పాపంతోనో రావని, దాచిపెడితే ముదురుతాయని, డేరా గోలీలు పళ్ళూడగొడతాయని చెప్పింది. చెవులు మూసుకోవడానికి చేతులు ఖాళీ లేక ఒకడు కళ్ళు మూసుకున్నాడు. కొసన తాడు పట్టిన ముసలి వెంకటరాజం దగ్గడం మొదలుపెడితే, నువ్వు గూడ వినుమంది.

అవతలి కొసనుంచి ఎవరో అరిచారు. అంత దూరం మెల్లగా అడగలేరు కదా.

"అవ్వా, తొడ మీద గుండ్రంగ లేసి దురద పెడితె గూడ అదేనా?"

రాయమల్లు! నడుమ పడుగు కిందికి జారింది. అక్కడ కర్ర పట్టుకున్నది లక్ష్మీనారాయణే.

"అల్లుడా, కర్ర లేపు," అంది పూలమ్మ. నవ్వలేదు, కుర్రాడి వైపు చూడనూ లేదు. తెగిన పోగు ముడివేస్తూ, "అది తామర లెక్కున్నది బిడ్డా. తడిబట్ట మీద తిరిగితె గూడ వస్తది. పడుగు ఆరినంక దవాఖానకు పోదం, నేనొస్త," అంది.

డాక్టరు కూడా తామరే అన్నాడు. కొన్న నాలుగు గోలీల్లో ఒక్కటే మింగినందుకు రాయమల్లు పళ్ళు దక్కాయన్నాడు. ఆ నెలలోనే వాడలోని మరో ఇద్దరు తమంతట తామే పూలమ్మ దగ్గరికి వచ్చారు. వాళ్ళది తామర కాదు. ఆమె వెంట దవాఖానకు పోయి, సూదులు వేయించుకొని బాగుపడ్డారు. వాళ్ళ పేర్లు లక్ష్మీనారాయణకు ఇప్పటికీ తెలియవు.

ఇప్పుడు బడిలో పెద్ద తరగతి పిల్లలకు ఈ రోగాల పాఠం చెప్పే ముందు లక్ష్మీనారాయణ తలా ఒక నూలు చిలప, అంటే పోగుల కట్ట, ఇచ్చి ఉండగా చుట్టమంటున్నాడు. ఇదేం పాఠమని నిలదీయడానికి వచ్చిన హెడ్మాస్టరు చేతిలోనూ ఒక చిలప పెట్టాడు. ఆయన చివరిదాకా కూర్చొని చక్కగా చుట్టాడు. నౌకరి ఉంది. కూతురికి ఎప్పుడు చెప్పాలో ఇప్పటినుంచే బెంగపడుతున్న ఆ తండ్రికి పూలమ్మ చెప్పింది ఇంతే: "ఆమె అడిగిననాడు చెప్పు. చేతులకు పనియ్యి, మొకం చూడకు, పేర్లు దాయకు."