రాయి మీద ఆరని గీత

మా శిల్పం అయ్యోరు పోయారని మొన్న పొద్దున ఫోనొస్తే నేను నమ్మలేదు. నన్ను రప్పించుకోవడానికి ఇదొక ఎత్తు అనుకున్నాను. ఆర్నెల్ల కిందట జ్వరమని కబురు పంపినప్పుడు కూడా ఇట్లాగే అనుకుని వెళ్ళలేదు. ఇంకొకరికి ఫోన్ చేసి, నిజమేనని ఖాయం చేసుకున్నాకే వడమాలపేటలో తిరుపతి బస్సెక్కాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆయన గురించి రాస్తూ అబద్ధం ఆడలేను.

నాకు ఉలి పట్టడం నేర్పింది ఆయనే. అంతకన్నా ముందు నేర్పింది అనుమానం. ఏ రాయినైనా వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి వినేవారు. గంటలా మోగితే మంచిది, బొంగురుగా పలికితే లోపల పగులున్నట్టు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, హోటల్లో రాతి బల్లను కూడా తట్టి, "ఇది నిలబడేది కాదు, పక్కదానికి పోదాం పదప్పా" అనేవారు. తట్టినా తేలకపోతే రాయి మీద బిందెడు నీళ్ళు పోసి కూర్చునేవారు. రాయంతా ఆరినా పగులున్న చోట తడి గీత మిగిలిపోతుంది. "తొందరపడొద్దు, ఆరనీ. అదే సెప్తాది" అనేవారు.

తిరుపతిలో నా మొదటి ప్రదర్శనకు ఆయన్ను పిలిచాను. బొమ్మలను ముట్టుకోరాదని బోర్డు పెట్టారు. ఆయన వరసబెట్టి అన్నిటినీ తట్టుకుంటూ పోయారు. నిర్వాహకుడు పరిగెత్తుకొచ్చి వారిస్తే, "ముట్టుకోకుండా రాయిని ఎట్ల సూసేదబ్బా?" అన్నారు. నా నంది దగ్గర ఆగి, మూపురం మీద రెండుసార్లు తట్టి, నాకు మాత్రమే వినబడేట్టు, "ఈడ పుట్టీ పెట్టినావు కదా?" అన్నారు. పెట్టాను. విరిగిన ముక్కను రాతిపొడి, జిగురు కలిపి అతికించాను. ఆ రోజు నుంచి ఆయన నన్ను చూసే చూపు మారిందని నా అనుమానం.

తర్వాత బంగారుపాళ్యంలో బస్సులు ఆగే చోట విగ్రహం పెట్టాలని ఒక కమిటీ అనుకుంది. మామిడికాయల గంప నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి, తొమ్మిదడుగులు. నా నమూనా వాళ్ళకు నచ్చింది. సలహాకు అయ్యోరిని పెట్టుకున్నారు. ఆ పని దొరికితే జిల్లాలో పదిమందీ నన్ను శిల్పి అంటారని నా ఆశ. ఖరారు కాకముందే రాయి తెచ్చి, తల, మెడ, భుజాలు ముతకగా చెక్కేశాను.

ఒకరోజు ఉలులకు పదును పెట్టించుకుని షెడ్డుకొచ్చేసరికి అయ్యోరు అక్కడ రాతిదిమ్మ మీద కూర్చుని ఉన్నారు. నా బొమ్మ చుట్టూ నేల తడిగా ఉంది.

"ఇది వద్దప్పా. ఇంకో రాయి తెచ్చుకో."

ఎందుకని అడిగాను.

"నీళ్ళు పోసి కూర్సో. నీకే తెలుస్తాది."

పదిరోజుల్లో కమిటీవాళ్ళు రాయి చూడడానికి వస్తున్నారు. నన్ను ఆలస్యం చేసి పని తప్పించాలని చూస్తున్నారనుకున్నాను. నీళ్ళు పోయలేదు. వారం తిరక్కుండా కమిటీ వద్దంది. వద్దని చెప్పింది అయ్యోరేనని తెలిసింది. ఆ చోట ఇప్పుడున్న సిమెంటు బొమ్మను ఆ దారిన పోయినప్పుడు మీరు చూసే ఉంటారు. నేను నా రాయి మీద టార్పాలిన్ కప్పి, మూడేళ్ళు ఆయన గడప తొక్కలేదు.

మొన్న ఆయన భార్య నన్ను చూసి, "ఇప్పుడొచ్చినావా నాయనా? ఆ రాయికి నీళ్ళు పోసినావా, లేదా? జరంలో గూడా మీ అయ్యోరు అదే అడుగుతా ఉన్నాడు" అంది.

ఇంటికొచ్చి, షెడ్డులో ఆ రాయి మీది టార్పాలిన్ లాగేసి, బిందెడు నీళ్ళు పోసి, ఆయన కూర్చున్న దిమ్మ మీదే కూర్చున్నాను. ముఖం ఆరింది, భుజాలు ఆరాయి. ఎడమ చెవి కిందనుంచి మెడకు అడ్డంగా దారమంత నల్లగీత ఆరలేదు. ఆ మెడ మీద రాతిగంప, దాని కింద బస్సు కోసం నిలబడే జనం. అప్పుడే చూసుంటే పుట్టీతో పూడ్చి, మెరుగుపెట్టి, నోరు మూసుకుని ఉండేవాణ్ణి. ఆ సంగతి ఆయనకు తెలుసు. అందుకే నాతో చెప్పి ఊరుకోకుండా కమిటీకీ చెప్పారు. అనుమానించడం నేర్పిన మనిషినే అనుమానించి, రాయిని మాత్రం నమ్మేశాను.

అయినా మనసు ఒప్పుకోలేదు. లేచి, ఇంకో బిందె తెచ్చి పోశాను. మళ్ళీ ఆరేదాకా కూర్చున్నాను. గీత అక్కడే ఉంది.