నారికురుపు లేదని రాసిన ఊరు

1983 వేసవి. నంద్యాలలో ఆరోగ్య సర్వేలు చేసే ఒక ఆఫీసులో నేను ఇన్వెస్టిగేటర్‌ని. ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగి, జవాబులు షెడ్యూల్ అనే అచ్చు కాగితంలో నింపడం నా పని. ఆ ఏడు నారికురుపు సర్వే. దిగుడుబావుల్లో నీళ్లు తాగినవాళ్లకు ఏడాది తిరిగేసరికి కాల్లోంచో తొడలోంచో దారం లాంటి పురుగు బయటికొచ్చే జబ్బు అది. కేసులున్న ఊళ్లకే ముందుగా బోరింగు వేస్తామన్నారు.

ఆళ్లగడ్డ దగ్గరి ఒక పల్లెకు జీపులో వెళ్లాను. ఇస్త్రీ ప్యాంటు, చేతిలో ఫైలు, పక్కన ఊరి పెద్దాయన. దారి చూపడానికి తోడొచ్చాడని సంతోషించాను కూడా. ఒక ఇంటి గడపలో సుంకమ్మ అనే ఆమె కూర్చుని ఉంది. పాతికేళ్లుంటాయేమో.

"ఇంట్లో ఎవరికైనా నారికురుపు ఉందా అమ్మా?"

ఆమె చీర కిందికి లాక్కుంది. ఆమె భర్త మద్దిలేటి ఒకసారి పెద్దాయన వైపు చూసి, "యావురికీ లేదు సార్. మా ఊర్లో అట్లాంటియి లేవు" అన్నాడు.

ఊరంతా అదే జవాబు. "లేదు" అని రాసుకుంటూ పోయాను. మధ్యాహ్నానికల్లా పని ముగిసింది. జీపు ఖాళీగా నంద్యాలకు తిరిగొచ్చింది. త్వరగా ముగించానని ఆఫీసరు మెచ్చుకున్నాడు.

రెండు నెలలకు రీచెక్ జరిగింది. ఒకరు చేసిన సర్వేను మరొకరు వెళ్లి సరిచూడటమన్నమాట. ఈసారి మా ఆఫీసులోనే పనిచేసే మేరమ్మ వెళ్లింది, బస్సు దిగి ఒంటరిగా నడుచుకుంటూ. కూలి చేసుకునే ఇంట్లో పుట్టిన మనిషి. ఆడవాళ్ల మధ్య కూర్చుని, వాళ్లతోపాటు శనక్కాయలు ఒలుస్తూ అడిగిందట. తిరిగొచ్చి షెడ్యూళ్లు నా బల్ల మీద పెట్టింది. దాదాపు ప్రతి ఇంట్లోనూ "ఉంది". సుంకమ్మ పేరు మాత్రం కొట్టేసి ఉంది.

"ఈమె ఊళ్లో లేదా?"

"చచ్చిపోయిందన్నా. నువ్వు పోయిన రోజుకే తొడలో పురుగు సగం బయటికొచ్చిండె. పుండు చెడి ధనుర్వాతం వచ్చింది."

"మరి నాకు చెప్పలేదే!"

"నేనూ అదే అడిగితి వాళ్లాయన్ని. 'జీపులో వచ్చిన మొగోనికి తొడ సూపియ్యాల్నా అక్కా? ఉందంటే బావి మూసేస్తారని పెద్దాయన ముందే చెప్పినాడు. ఆయప్ప పక్కనే నిలబడినాడు. ఇంగ నీళ్లకు యాడికి పోవాల?' అన్యాడు."

ఆ రోజే ఆమెను జీపులో ఎక్కించుకుని వచ్చి ఇంజక్షన్ వేయించి ఉంటే బతికేదేమో. ఆఫీసరు దగ్గరికి పరుగెత్తాను. బోరింగు వేయాల్సిన ఊళ్ల జాబితా ఎప్పుడో పైకి వెళ్లిపోయిందన్నాడు. ఆ ఏడు ఆ ఊరికి బోరింగు రాలేదు.

మద్దిలేటిని చూడటానికి వెళ్లాను, ఫైలు లేకుండా. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. తప్పు నాదేనని చెప్పబోయేలోగా ఆయనే చేతులు కట్టుకుని అన్నాడు: "ఏం చెప్పాల్నో చెప్పు సార్. అదే చెప్తా."

అడిగేవాణ్ణి బట్టే జవాబు ఉంటుందని ఆ గుమ్మంలో నాకు తెలిసింది. తెలిసీ చేయగలిగిందేమీ లేకపోయింది. ఇంకా చాలా ఏళ్లు అదే ఉద్యోగం చేశాను. ప్రతి ఊళ్లో "లేదు సార్" అనేవాళ్లు. నమ్మేవాణ్ణి కాదు. నమ్మలేదని రాయడానికి షెడ్యూల్‌లో గడి లేదు. "లేదు" అనే రాసేవాణ్ణి.