మేనేజరు గారు వేసిన వేషం

సాయంత్రం కువైట్‌లోని బ్నీద్ అల్ గార్‌లో మా నాటకం రిహార్సల్. ఓ పేరుమోసిన అమెరికా నాటకకర్తది. ముసలి ఉద్యోగిని యజమాని పనిలోంచి తీసేసే కథ. ఆ నాటకకర్త తన ఇంటివాళ్ల మాటల్నే స్టేజీ ఎక్కించి చుట్టాల చేత తిట్లు తిన్నాడట. తెలుగు చేస్తూ నేనూ అదే పని చేశాను. యజమాని నోట ఇక్కడి షువైఖ్ ఏరియాలోని ఓ గ్యారేజీ మేనేజరు మాటలు పెట్టాను. ముసలి ఉద్యోగి వేషం ఆ గ్యారేజీ మెకానిక్కు, జగిత్యాల రాజన్నది.

ఇవాళ ఆ మేనేజరే చూడ్డానికొచ్చారు.

"ఇవి నా మాటలేగా? అంత నీరసంగా అంటారేంటి!" అని యజమాని వేషగాడితో అంటూ లేచి, రాజన్న కళ్లలోకి చూస్తూ "ఖలాస్, అయిపోయింది! రేపట్నుంచి పనికి రావద్దు" అని, చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

రాజన్న ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, రెన్యువల్ వచ్చే నెలే; సంతకం ఆ మేనేజరే పెట్టాలి. "పెద్దాయనా, సారు యాక్టింగ్ చేసిండా, నిజంగనే అన్నడా?" అని నన్నడిగాడు.

నటనైతే అద్భుతం, నా భయమూ అదే. పొద్దున్నే అతనితో గ్యారేజీ గేటు దాకా వెళ్తున్నాను. తోడెవరైనా వస్తారా?