పదకొండో నంబరు చీర

సొంత భార్యకు చీర తెప్పించబోయి, పరాయి ఆవిడకు చీర పెట్టినవాడిగా పట్టుబడ్డ మగాడు మా బాపట్ల మొత్తానికి నేనొక్కడినే అయివుంటాను. ఎలా పట్టుబడ్డానో చెబుతాను. మీరు చదివి నవ్వుకోండి గాని, ఇంట్లోవాళ్లకు మాత్రం వినిపించకండి. ఇలాంటి కథలు నమ్మేది మగవాళ్లే.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ దిగని రోజులు. నేను హైస్కూల్లో సోషల్ మాస్టారిని. పెళ్లయి మూడేళ్లు. సాయంత్రాలు మా విజయ కేబుల్ టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీసేది. అందులో తెనాలి బట్టల కొట్టు ఒకటి చీరలను ఒక్కొక్కటిగా, నంబర్లు వేసి చూపించేది. ఫోను చేస్తే మర్నాటికల్లా తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఇంటికే తెచ్చి ఇస్తారట. చీర చేతికందాకే డబ్బు. పదకొండో నంబరు చీర రాగానే విజయ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయేది. నెమలికంఠం రంగు, మామిడిపిందెల అంచు.

"కొనమని కాదు, ఊరికే అంటున్నా. బావుంది కదండీ?" అనేది.

పెళ్లయినవాళ్లకు ఆ 'ఊరికే' అర్థం తెలుసు. మా పెళ్లిరోజు శనివారం వచ్చింది. ఆమెకు చెప్పకుండా చీర తెప్పించి, గుమ్మంలోనే ఆశ్చర్యంతో కూలబడేలా చెయ్యాలనుకున్నాను. చివరికి కూలబడింది నేను.

శుక్రవారం స్కూలు వదలగానే రైల్వే స్టేషన్ పక్కనున్న ఎస్టీడీ బూత్‌లో దూరాను. ఫోనెత్తిన అమ్మాయి చాలా మర్యాదస్తురాలు.

"పేరు చెప్పండి సార్."

"ప్రసాదరావు మాస్టారు. పదకొండో నంబరు చీర."

"అడ్రసండి?"

"స్టేషన్ రోడ్డు."

"డోర్ నంబరండి?"

"డోర్ నంబరెందుకమ్మా? స్టేషన్ రోడ్డులో ప్రసాదరావు మాస్టారంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు."

ఆ వయసులో నాకు నా మీద అంత నమ్మకం. నిజానికి మా పాలవాడే రెండు నెలలు మా పాలు పక్కింట్లో పోసి వెళ్లాడు.

"ఫోన్ నంబరండి?"

"వద్దమ్మా. ఇంట్లో తెలియకూడదు."

సరిగ్గా అప్పుడే స్టేషన్‌లోకి గూడ్సు బండి వచ్చింది. ఆ రొదలో ఆ అమ్మాయి "ఎక్కడికండి?" అనడిగింది. నాకది "ఎప్పటికండి?" అని వినబడింది.

"రేపే," అన్నాను.

"రేపల్లేనాండి?"

"అవునమ్మా, రేపే. ఎన్నిసార్లు చెప్పాలి?"

"అలాగేనండి," అంది పాపం. ఆ అమ్మాయి తప్పు ఆవగింజంత కూడా లేదు.

శనివారం ఉదయమే విజయతో, "సాయంత్రంలోగా నీకొకటి వస్తుంది," అన్నాను.

"ఏంటండీ?"

"వచ్చాక చూద్దువుగాని."

వీధిలో సైకిల్ బెల్లు మోగితే చాలు, పురుటిగది ముందు తండ్రిలా లేచి నిలబడ్డాను. కూరగాయలు వచ్చాయి, చాకలి వచ్చాడు, కరెంటు బిల్లు వచ్చింది. బిల్లు చూసి విజయ "ఇదేనా?" అంది. సాయంత్రం మళ్లీ బూత్‌కు పరుగెత్తాను.

"డెలివరీ అయిపోయిందండి. మేడం గారే సంతకం పెట్టి తీసుకున్నారు," అంది అదే అమ్మాయి.

"ఏ మేడం?"

"మీ మేడమేనండి. చాలా సంతోషించారంట. మా మనిషికి మజ్జిగ కూడా ఇచ్చారంట."

"ఏ ఊళ్లో అమ్మా?"

"మీరు చెప్పిన ఊళ్లోనేనండి. రేపల్లె."

ఆదివారం పొద్దున్నే, స్కూల్లో పనుందని విజయతో అబద్ధమాడి బయల్దేరాను. తెనాలిలో బండి మారి, రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే రెండువైపులా పచ్చని వరిచేలు. నాకు మాత్రం ప్రతి చేనూ మామిడిపిందెల అంచుతోనే కనబడింది.

రేపల్లె స్టేషన్ రోడ్డులో ప్రసాదరావు మాస్టారి ఇల్లెక్కడని అడిగితే, నిజంగానే చిన్నపిల్లలు చూపించారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. అరుగు మీద పేపరు చదువుతున్నారు. సంగతి చెప్పగానే ఆయన పేపరు మడిచి, నా చెయ్యి పట్టుకుని నూతి పక్కకు తీసుకుపోయారు.

"మెల్లగా బాబూ. చీర మీదేనా?"

"మాదేనండి."

"నిన్న నేను ఇంట్లో లేనప్పుడొచ్చింది. మా ఆవిడే డబ్బిచ్చి తీసుకుంది. నేనొచ్చేసరికి కట్టుకుని గుమ్మంలో నిలబడింది. 'నాకోసం మీరే ఎంచారా?' అంది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురమండి. నా అంతట నేను ఒక్క చీరైనా కొనిపెట్టలేదు. నా నోటికి 'ఆఁ' తప్ప ఇంకో మాట రాలేదు." కాసేపు నూతిలోకి చూశారు. "మీరు చెప్పమంటే ఇప్పుడే చెప్పేస్తాను. చెప్పమంటారా?"

ఇంతలో ఆవిడ చర్చి నుంచి వచ్చారు. ఆ చీరలోనే. దారిలో ఎంతమంది మెచ్చుకున్నారో ఆవిడ నడకలోనే తెలుస్తోంది.

"ఎవరండీ ఈ అబ్బాయి?"

మాస్టారు నా వైపు చూశారు. నేను వంగి ఆవిడకు నమస్కారం పెట్టి, "మాస్టారి శిష్యుణ్ణండి," అన్నాను.

భోజనం పెట్టకుండా వదల్లేదు. బయల్దేరేటప్పుడు స్టీలు డబ్బా నిండా కజ్జికాయలు పెట్టి, "నేనిచ్చానని చెప్పి మీ ఆవిడకియ్యి నాయనా," అన్నారు. ఆమె ప్రేమకు కరిగి డబ్బా తీసుకున్నాను గాని, దాని మూత చూసుకోలేదు.

విజయ చూసింది. మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలను కూడబలుక్కుని చదివింది.

"సరోజినీ ప్రసాదరావు."

తర్వాత నా ముఖం చూసింది. "ఎవరండీ ఈ సరోజిని?"

"రేపల్లె ఆవిడ."

"స్కూల్లో పనన్నారు?"

"చీర కోసం వెళ్లాను. మన చీర ఆవిడకిచ్చేశారు."

"ఎవరిచ్చారు?"

"ఆవిడ మొగుడే ఇచ్చినట్టు..."

"ఆవిడ మొగుడి పేరేంటి?"

"ప్రసాదరావు," అన్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రేపల్లెలో దేవుణ్ణై, ఇంట్లో దొంగనయ్యాను. విజయ ఏడవలేదు, అరవలేదు. కజ్జికాయలు వేరే గిన్నెలోకి తీసి, ఖాళీ డబ్బా తోమి బోర్లించింది. "రేపు సెలవు పెట్టండి. ఇద్దరం వెళ్లి ఇచ్చేసి వద్దాం," అంది. ఆమె గొంతు అంత నెమ్మదిగా ఉండటం నేనెన్నడూ వినలేదు.

సోమవారం మమ్మల్ని గుమ్మంలో చూసి మాస్టారి ముఖం సుద్దముక్కలా అయిపోయింది. సరోజిని గారు పక్కనే ఉన్నారు. నేను దీనంగా, "మాస్టారూ, మా ఆవిడకి ఒక్క మాట చెప్పండి," అన్నాను.

ఆయన ఒకసారి భార్య వైపు చూశారు. "ఏం చెప్పమంటావురా? లెక్కల్లో నీకొచ్చిన మార్కులు చెప్పనా?" అన్నారు.

నా ఏకైక సాక్షి అలా తిరగబడ్డాడు. ఈలోగా సరోజిని గారు విజయను లోపలికి తీసుకెళ్లి బీరువా తెరిచారు.

"చూడమ్మా, మా మాస్టారు ఎంచారు. ఈయనకి రంగులు తెలుస్తాయని ఈ వయసులో తెలిసింది నాకు," అంటున్నారు.

తలుపు దగ్గర నుంచి నాకు విజయ ముఖం కనబడుతోంది. చీర చూడగానే గుర్తుపట్టింది. అంచును వేలితో మెల్లగా నిమిరింది. వెనక్కి తిరిగి మాస్టారి వైపు చూసింది. ఆయన రెండు చేతులూ జోడించి ఉన్నారు. చివరికి నా వైపు చూసింది.

"మీకు బాగా నప్పుతుందండి," అంది సరోజిని గారితో. "మాస్టారిది మంచి ఎంపిక."

తిరుగు ప్రయాణంలో విజయ భట్టిప్రోలు దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. ఎదురుసీటు ముసలమ్మ కంగారుపడి మంచినీళ్లు కూడా ఇవ్వబోయింది.

"ఏవండీ, ఆయన ఏమీ తెప్పించకుండానే మంచి మొగుడైపోయాడు," అంది కళ్లు తుడుచుకుంటూ. "మీరు తెప్పించి మరీ చెడ్డ మొగుడయ్యారు."

ఆ ప్యాసింజర్ రైలు సాక్షిగా, ముసలమ్మ మంచినీళ్ల సీసా మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో భార్యకు చెప్పకుండా భార్యకు ఏమీ కొనను. ఇన్నేళ్లలో ఒక్కసారైనా మాట తప్పలేదు. చెప్పి మాత్రం ఏం కొన్నారని విజయ అడుగుతుంటుంది. ఆ సంగతి ఒట్టులో లేదు.